లేని బ్రేకు

ఆగస్టు 2

డాక్టరు గారు రోజూ రాయమన్నారు. చెయ్యి ఏ వేళకు వణికింది, ఏం చేస్తుండగా వణికింది, ఎంతసేపు వణికింది. అంతవరకే. అంతకు మించి రాస్తే ఆ పేజీలు చింపేసి మిగతావి చూపిస్తాను.

చెయ్యి: బాగానే ఉంది.

ఆగస్టు 3

అక్క ఫోన్ చేసింది. బావ మోకాలి ఆపరేషన్ ముందుకు జరిగిందట. వాళ్ళ నలభయ్యో పెళ్ళిరోజుకని ఏడాది కిందటే బుక్ చేసుకున్న టూరు ఒకటుంది. జలపాతం రెండు రోజులు, అడవి మూడు రోజులు. విమానం దిగింది మొదలు మళ్ళీ ఎక్కేదాకా మనల్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటారట. తేదీ మార్చరు, మనిషిని మాత్రం మారుస్తారట.

"బావ బదులు నువ్వు రా" అంది.

"పెళ్ళిరోజు టూరుకి తమ్ముణ్ణి వెంటేసుకుని వెళ్ళేదాన్ని నిన్నే చూస్తున్నాను."

"బావే చెప్పాడు. ఆర్నెల్లుగా గోడలు చూస్తున్నావు, నాలుగు రోజులు ఏనుగుల్ని చూద్దువుగాని."

నడుం నొప్పి, అన్నాను. మా ఆవిడ వెనకనుంచి వచ్చి ఫోన్ లాక్కుని "వస్తారు వదినా" అని పెట్టేసింది. తనకి విమానమంటే భయం. అందుకని తను వెళ్ళనంటుంది. అసలు సంగతి, నేను కొన్నాళ్ళు కంటికి కనపడకపోతే చాలని.

నడుం నొప్పి నిజంగానే ఉంది.

ఆగస్టు 5

సూట్‌కేసు మా ఆవిడే సర్దింది. డిపో మేనేజరు పంపిన కాగితం నేనే అడుగున పెట్టుకున్నాను. ఇరవయ్యో తేదీలోగా ఏదో ఒకటి రాసివ్వాలి. మళ్ళీ స్టీరింగు పట్టుకుంటానా, లేక స్పేర్ పార్టుల గదిలో కుర్చీ వేసుకుంటానా. మంచివాడే, మర్యాదగానే రాశాడు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు అని రెండుసార్లు రాశాడు.

ఎంక్వైరీలో నా తప్పు లేదని తేలింది. ఫిబ్రవరిలో నా బస్సుకి సైకిల్ అడ్డమొచ్చింది, బ్రేకు వేశాను. దిగడానికి లేచి నిలబడ్డ పెద్దావిడ పడిపోయింది. తుంటి విరిగింది. వేగం ముప్ఫై లోపే. వేరే డ్రైవరైనా అదే చేసేవాడు. ఈ మాట ఎంక్వైరీ కాగితంలోనే ఉంది. వేరే డ్రైవరైనా అదే చేసేవాడు.

స్పేర్ పార్టుల గది నీడగా ఉంటుంది. ఫ్యాను కూడా ఉంది.

చెయ్యి: బాగానే ఉంది.

ఆగస్టు 8

వచ్చాం. గది తలుపు తీయగానే మంచం మీద తెల్ల తువాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. చుట్టూ పూల రేకులు. బల్ల మీద కేకు, దాని మీద నలభై. హోటల్ మేనేజరు చేతులు కట్టుకుని మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు.

"మా తమ్ముడండీ" అంది అక్క.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాపం, పది నిమిషాల్లో మంచం రెండు ముక్కలు చేయించి మధ్యలో తెర పెట్టించాడు. హంసల్ని కూడా విడదీసి ఒక్కోదాన్నీ ఒక్కో మంచం మీద పెట్టాడు. అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. కేకు ఇద్దరం తిన్నాం. బావ వంతు కూడా నేనే తిన్నాను, ఆయన బదులు వచ్చినవాణ్ణి కదా.

ఆగస్టు 9

జలపాతం.

దీని గురించి ఎలా రాయాలో నాకు తెలియదు. మైలు దూరం నుంచే చప్పుడు మొదలైంది. ముందు వాన అనుకున్నాను. ఆకాశం చూస్తే ఒక్క మబ్బు లేదు. టూరు వాళ్ళు ఇచ్చిన రెయిన్‌కోట్లు వేసుకుని రాతి మెట్ల మీదుగా దిగాం. మలుపు తిరగగానే ఎదురుగా నది నదంతా ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. ఎంత వెడల్పంటే, ఒక కొస చూసి రెండో కొస చూడాలంటే మెడ తిప్పితే చాలదు, మనిషే తిరగాలి. అంత నీళ్ళు అంత ఎత్తునుంచి పడుతుంటే పడుతున్నట్టు లేదు, నిలబడినట్టుంది. పొగలాగా పైకి లేచిన తుంపర మళ్ళీ మా మీదే కురుస్తోంది. దాని మధ్యన ఇంద్రధనుస్సు, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో.

ఆ చప్పుడు చెవుల్తో వినేది కాదు, ఎముకల్లో వినపడుతుంది. పక్కన అక్క ఏదో అంటోంది, నోరు కదలడం తప్ప ఒక్క ముక్క వినపడలేదు. పైకి వచ్చాక ఏమన్నావని అడిగితే, "నలభయ్యేళ్ళుగా మీ బావ మాట వినపడని చోటు కోసం వెతుకుతున్నాను, ఇన్నాళ్ళకి దొరికింది అన్నాను" అంది. అని అయిదు నిమిషాలు కాలేదు, ఫోన్ తీసి ఆయనకే వీడియో చూపిస్తూ కూర్చుంది.

నేను గంటన్నర నిలబడ్డాను. ఆ గంటన్నరా ఏమీ ఆలోచించలేదు. ఫిబ్రవరి నుంచి ఇదే మొదటిసారి అనుకుంటాను. ఇంత గొప్పది భూమ్మీద ఉండగా నేను ఇరవయ్యారేళ్ళు బస్టాండు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి బస్టాండుకి తిరిగాను.

చెయ్యి: చూసుకోలేదు.

ఆగస్టు 10

హెలికాప్టరులో జలపాతం చుట్టూ తిప్పుతారట. అక్క ఎక్కింది. నేను ఎక్కలేదు, నడుం.

దిగి వచ్చాక పక్కన కూర్చుని ఉన్నట్టుండి అడిగింది. "ఆవిణ్ణి వెళ్ళి చూశావా?"

"ఎవర్ని?"

"నీకు తెలుసు ఎవర్నో."

డిపో వాళ్ళు చూసుకున్నారు, ఆస్పత్రి ఖర్చంతా వాళ్ళే పెట్టుకున్నారు, అన్నాను. అక్క ఇంకేమీ అనలేదు. అక్క ఏమీ అనకపోవడం బాగుండదు.

ఆగస్టు 11

అడవి. డేరా అన్నారు గానీ అది మా ఇంటికి రెండింతలుంది. గుడ్డ గోడల లోపల చెక్క నేల, నిలువెత్తు అద్దం, మెడ దాకా నీళ్ళు నిండే తొట్టి. తెర తీస్తే కింద వాగు, వాగులో జింకలు. మంచం మీద పడుకుని జింకల్ని చూడొచ్చు. పనివాడు వచ్చి దిండు మెత్తగా కావాలా, గట్టిగా కావాలా అని అడిగాడు. ఏ దిండైనా నాకు నిద్ర పట్టదని అతనికేం తెలుసు.

సాయంత్రం మొదటి సఫారీ. జీపులో మేమిద్దరం, మెడలో మూరెడు కెమెరా వేసుకున్న ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య. నడిపేదీ చూపించేదీ ఒక్కరే, నలభై అయిదేళ్ళ ఆవిడ. ఖాకీ చొక్కా, ఎండకి కమిలిన ముఖం, చిన్న గొంతు. గైడమ్మ అని పెట్టాను నేను. అక్క అప్పుడే ఆ పేరుతోనే పిలిచేస్తోంది.

ఇది రాస్తే నా నోటి మాట అబద్ధమవుతుంది, ఆడవాళ్ళ డ్రైవింగు మీద నేను అన్న మాటలు డిపోలో అందరికీ తెలుసు. ఈవిడ గేరు మార్చినట్టు తెలియదు. గుంటలో దిగినా అక్క చేతిలో టీ కప్పు తొణకలేదు. బ్రేకు వేస్తే, బండి తనంతట తనే ఆగాలనుకుని ఆగినట్టుంది. ఆపేటప్పుడు కూడా ఎండ మన వీపుకి పడేలా, నలుగురికీ కనపడేలా ఏటవాలుగా ఆపుతుంది. నేను ఇన్నేళ్ళలో ఎంతమంది దగ్గరో పని నేర్చుకున్నాను, ఇలాంటి చెయ్యి చూడలేదు.

ఆగస్టు 12

చిరుత కనపడింది. నిజానికి మాకు కనపడలేదు, ఆవిడకి వినపడింది. ఇంజను కట్టేసి వేలు పైకెత్తింది. అప్పటిదాకా గోల చేస్తున్న పిట్టలు ఒక చెట్టు మీద మాత్రం నోరు మూసుకున్నాయట. ఆ చెట్టు వైపు మెల్లగా పోనిచ్చింది. కొమ్మ మీద చిరుత, నాలుగు కాళ్ళూ వేలాడేసుకుని, మధ్యాహ్నం షిఫ్టు దిగిన కండక్టరులాగా పడుకుని ఉంది. మా వైపు ఒక్కసారి చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇరవై నిమిషాలు చూశాం. కళ్ళప్పగించి చూశాను. దాని ఒంటి మీద మచ్చలు ఒక్కటీ ఇంకొకదానిలా లేదు. పళ్ళ డాక్టరు అది ఆవలించినప్పుడు దాని కోరల్ని చూసి "ఒక్కటీ పుచ్చలేదు" అని మురిసిపోయాడు.

తిరిగొస్తూ అక్క నా మోకాలి మీద కొట్టింది. "కాలు కుదురుగా పెట్టుకో" అంది. నేను కుదురుగానే పెట్టుకున్నాను.

చెయ్యి: బాగానే ఉంది.

ఆగస్టు 13

చెయ్యి: తర్వాత రాస్తాను.

ఆగస్టు 13, మధ్యాహ్నం

ఇక్కడా మధ్యలో తెర పెట్టించుకున్నాం, అక్క అవతల పడుకుంది. ఇప్పుడు రాయకపోతే ఎప్పటికీ రాయను.

పొద్దున ఏడింటికి ఏనుగుల మంద దారికి అడ్డంగా దాటుతోంది. పదకొండు. గైడమ్మ ఇంజను ఆపేసింది. ఎవరూ మాట్లాడొద్దని చేత్తో సైగ చేసింది. ఒక్కొక్కటీ నేల అదరకుండా నడుస్తోంది, అంత బరువున్న జంతువు అంత మెత్తగా ఎలా నడుస్తుందో. మధ్యలో చిన్నది, తల్లి కడుపు కింద నుంచి తొండం బయటపెట్టి చూస్తోంది. అందరికన్నా వెనక ఒక పెద్ద ఆడ ఏనుగు, దారి మధ్యలో ఆగి మాకేసి చూస్తూ నిలబడింది.

గైడమ్మ ఇంజను వేసి రెండడుగులు వెనక్కి తీయబోయింది. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఏమీ లేదు, దారి ఖాళీ. నా చెయ్యి దానంతటది వెళ్ళి తలుపు రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది.

మా బస్సుల్లో అదే పద్ధతి. ఒక్క దెబ్బ కొడితే ఆగు, రెండు కొడితే పోనీ. కండక్టరు కొట్టినా, వెనకనుంచి చూసి చెప్పే డ్రైవరు కొట్టినా అంతే. వెనక ఖాళీగా ఉందని చెప్పాలంటే నాకు ఇంకో భాష రాదు.

ఆ రేకు చప్పుడుకి ఏనుగు చెవులు విప్పింది. తొండం పైకెత్తి అరిచింది. తర్వాత మా మీదికి వచ్చింది. దుమ్ము, దుమ్ములో విప్పిన చెవులు, అంతే నాకు కనపడింది. గైడమ్మ ఇంజను కట్టేసింది. పారిపోలేదు, కట్టేసింది. చిన్న గొంతుతోనే "ఎవరూ కదలకండి, ఆగుతుంది" అంది. ఏనుగు బండికి పదడుగుల దూరంలో ఆగింది. దాని కళ్ళ రెప్పల వెంట్రుకలు నేను లెక్కపెట్టగలిగేవాణ్ణి. తల అటూ ఇటూ విదిలించింది, మన్ను తన్నింది, మేము ఎంత చిన్నవాళ్ళమో మాకు అర్థమయ్యేదాకా నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంత భయంలోనూ ఒకటి అనుకున్నాను, ఎంత అందంగా ఉంది అని. నా తలకాయ మంచిది కాదు.

ఇప్పుడు రాయాల్సింది ఇది కాదు, ఆ తర్వాతది.

మంద పూర్తిగా పోయాక ఆవిడ బండిని బయలు దాకా నడిపి ఆపింది. దిగింది. పళ్ళ డాక్టరు ఎర్రబడిన ముఖంతో "ఈ పెద్దమనిషే కొట్టాడు రేకు మీద, ఈయన్నడగండి" అన్నాడు. ఆవిడ విన్నట్టే లేదు. ఒక్కొక్క సీటు దగ్గరికీ వచ్చింది. మోకాళ్ళ మీద వంగి ఒక్కొక్కరి ముఖంలోకి చూసి, "భయపడ్డారా? ఎక్కడైనా తగిలిందా?" అని అడిగింది. డాక్టరు నుదుటికి కెమెరా తగిలి బొప్పి కట్టింది. నీళ్ళతో గుడ్డ తడిపి తనే పట్టింది. ఆయన భార్య ఏడ్చేస్తుంటే చెయ్యి పట్టుకుని నిలబడింది, ఏడుపు ఆగేదాకా. అక్క దగ్గరికి వచ్చింది. చివరికి నా దగ్గరికి వచ్చింది. అదే ప్రశ్న, అదే గొంతు. "భయపడ్డారా? ఎక్కడైనా తగిలిందా?"

డాక్టరు ఇంకా గొణుగుతున్నాడు. ఆవిడ ఆయన వైపు తిరిగి, "బండి నాదండీ. బండిలో ఏం జరిగినా అడగాల్సింది నేనే" అంది.

అంతే. తప్పు ఎవరిదన్న మాటే ఎత్తలేదు.

బస్సు ఆగాక ఆ రోజు నేను ఏం చేశానో రాస్తాను. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. కండక్టరు, జనం కలిసి ఆ పెద్దావిణ్ణి దింపారు. నేను అద్దంలో చూశాను. వెనక్కి వెళ్ళలేదు. ఆవిడ ముఖం కూడా నాకు తెలియదు.

చెయ్యి: ఉదయం ఏడు నుంచి ఇప్పటిదాకా. వణుకుతూనే ఉంది. ఫిబ్రవరి నుంచీ వణుకుతూనే ఉంది. ముందు పేజీల్లో రాసినవన్నీ అబద్ధాలు.

ఆగస్టు 13, సాయంత్రం

సాయంత్రం సఫారీకి నేను వెళ్ళనన్నాను. అక్క నన్ను లాక్కొచ్చి, తను డాక్టరు దంపతుల వెనక కూర్చుని, "మా తమ్ముడు ముందు సీట్లో కూర్చుంటాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు" అని ప్రకటించింది. ముందు సీటంటే గైడమ్మ పక్కన.

గైడమ్మ వాగు దగ్గర ఆపి అందరికీ టీలు పోసింది. నా దగ్గర నిలబడి, "ఏ బండి?" అంది.

"బస్సు."

"ఎన్నేళ్ళు?"

"ఇరవయ్యారు. మీకెలా తెలిసింది?"

"మొదటి రోజు నుంచీ లేని బ్రేకు తొక్కుతున్నారు. కాలి కింద చాప అరిగిపోయేలా ఉంది." నవ్వలేదు. "ఎవరికైనా తగిలిందా?"

చెప్పాను. సైకిలు, బ్రేకు, పెద్దావిడ, తుంటి. ఎంక్వైరీ సంగతి కూడా చెప్పాను. ఆ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

"ఇప్పుడెలా ఉన్నారు ఆవిడ?"

"బాగానే ఉన్నారు" అన్నాను.

గైడమ్మ తలూపి డాక్టరుకి మళ్ళీ టీ పోయడానికి వెళ్ళింది. నాకు ఆ పెద్దావిడ బాగున్నదో లేదో తెలియదు. నడుస్తోందో లేదో తెలియదు. ఉందో లేదో కూడా తెలియదు. నా మంచి కోరి అడిగిన మనిషితో ముఖాన్నే అబద్ధం చెప్పాను.

వాగులో ఎర్రటి వెలుగు. ఏనుగులు మళ్ళీ వచ్చాయి, అవతలి ఒడ్డున నీళ్ళు తాగుతున్నాయి. చిన్నదానికి తొండంతో తాగడం ఇంకా చేతకాదు, మోకాళ్ళ మీద కూలబడి నోటితో తాగుతోంది. అంత బాధలోనూ నవ్వొచ్చింది.

ఆగస్టు 14

విమానం. అక్క నిద్రపోతోంది. గైడమ్మ వెళ్ళేటప్పుడు అందరికీ చెయ్యి ఊపింది, అక్కని మాత్రం కావిలించుకుంది. నాకు నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. ఆవిడంత గొప్ప డ్రైవరుని నేను చూడలేదు, ఇకముందు చూస్తానని కూడా అనుకోను.

ఆగస్టు 16

వెళ్దామనుకున్నాను. పెద్దావిడ అడ్రసు ఎంక్వైరీ కాగితాల్లో ఉంది.

ఆగస్టు 17

ఎండ ఎక్కువగా ఉంది.

ఆగస్టు 18

ఎండ లేదు. వెళ్ళలేదు.

ఆగస్టు 19

వెళ్ళాను.

ఇస్త్రీ దుకాణం పైన రెండో అంతస్తు. మెట్లు నిటారుగా ఉన్నాయి, తుంటి విరిగిన మనిషి వీటిని ఎలా ఎక్కి దిగుతుందా అని ఒక్కో మెట్టూ ఎక్కుతూ అనుకున్నాను. కోడలు తలుపు తీసింది. లోపల కిటికీ పక్కన మంచం మీద ఆవిడ కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. మంచానికి ఆనించి నాలుగు కాళ్ళ చేతికర్ర. ఉంది. బతికి ఉంది. గుమ్మంలో చెప్పులు విడిచాను.

"ఎవరు బాబూ?"

"ఆ రోజు బస్సు నడిపింది నేనేనమ్మా."

సూది ఆగింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?"

నేను గుమ్మం దాటి లోపలికి వచ్చాను.

"ఆస్పత్రిలో ఇరవై రోజులున్నాను. డిపో వాళ్ళు వచ్చారు, సంతకాలు పెట్టించుకున్నారు. పండ్లు కూడా తెచ్చారు. డ్రైవరేడీ అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను కేసు పెడతాననుకున్నావా?"

"లేదమ్మా."

"మరి?"

"భయమేసింది."

కోడలు లోపలికి వెళ్ళిపోయింది. నేను మంచం ముందు నేల మీద కూర్చున్నాను. ఎక్కడ తగిలిందమ్మా, అని అడిగాను. ఆర్నెల్ల తర్వాత. ఆవిడ చెప్పింది. ఎడమ తుంటి, మోచెయ్యి, ఇక్కడ చెవి వెనక నాలుగు కుట్లు. చెవి వెనక కుట్లు ఎంక్వైరీ కాగితంలో లేవు. జుట్టు తప్పించి చూపించింది. చూశాను. అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నేను ముగించేదాకా రెండు హుక్కులు కుట్టింది.

"నువ్వు ఏడ్చినంత మాత్రాన నేను మంచిదాన్నైపోయి సరేలే అంటాననుకోకు" అంది. "నాకు చాలా కోపంగా ఉంది."

"ఉండాలమ్మా."

"పడేసినందుక్కాదు. సైకిలు మీదొచ్చిన పిల్లని తొక్కించుకుంటూ పోవాల్సిందని ఎవరూ అనరు. రానందుకు."

మంచినీళ్ళు ఇప్పించింది.  అప్పటినుంచి బస్సు ఎక్కలేదట. స్టాపు దాకా వెళ్ళి, బస్సు వచ్చి ఆగగానే కాళ్ళు రాక వెనక్కి వచ్చేసిందట, రెండుసార్లు. చెకప్పులకి కోడలు ఆటోలో తీసుకెళ్తోంది. "ఆ ఆటో కుదుపులకి మంచి తుంటి కూడా ఊడొచ్చేలా ఉంది" అంది.

"ఇప్పుడు ఏ రూటు నడుపుతున్నావు?"

"నడపడం లేదమ్మా. ఆ రోజు నుంచి. సీట్లో కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి. రేపు కాగితం ఇవ్వాలి, స్పేర్ పార్టుల గదిలో వేస్తామన్నారు."

జాకెట్టు పక్కన పెట్టేసింది. "నీకు భయమేసి నువ్వు నడపక, నాకు భయమేసి నేను ఎక్కక, మరి ఆ బస్సు ఎవరి కోసం తిరుగుతోంది?"

గ్లాసు మంచం పక్కన పెట్టి లేచాను. మెట్లు దిగి కిందకి వచ్చాక కూడా ఆ మాటే వినపడుతోంది.

ఆగస్టు 20

కాగితం ఇచ్చేశాను. స్పేర్ పార్టుల గది కాదు.

ఆగస్టు 27

ఖాళీ బస్సు, పక్కన ఇన్‌స్పెక్టరు. డిపో చుట్టూ నాలుగు రౌండ్లు. మొదటి రౌండులో చేతులు వణికాయి. డాక్టరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మొత్తం పేజీలన్నీ చూపించాను. ఏదీ చింపలేదు. ఏనుగు పేజీ రెండుసార్లు చదివారు.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. అక్క ఏమీ అనలేదు, ఈసారి బాగానే ఉంది.

సెప్టెంబరు 4

మళ్ళీ రూటు మీదికి పంపారు. ఎనిమిదీ నలభై ట్రిప్పు. ఇస్త్రీ దుకాణం స్టాపులో కోడలి చెయ్యి పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. నేను రమ్మని పిలవలేదు, నాలుగో తేదీన చెకప్పుందని మాత్రం వాళ్ళింటికి వెళ్ళిన రోజు చెప్పింది. బస్సు పూర్తిగా ఆపి, మెట్టు పేవ్‌మెంటుకి తగిలేంత దగ్గరగా పెట్టాను. ఆవిడ కదల్లేదు. వెనక కారు హారన్ కొట్టింది. కొట్టనీ అనుకున్నాను. సీట్లోంచి లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి చెయ్యి ఇచ్చాను. పట్టుకుంది, గోళ్ళు దిగేలాగా. ఎక్కింది.

నా వెనక సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ముందు కడ్డీ వదల్లేదు. ఏడు స్టాపులు.  ఆస్పత్రి దగ్గర అందరూ దిగిపోయాక ఆఖర్న మెల్లగా దిగింది. కోడలు ముందుకు నడవబోతుంటే ఆపి, తను మాత్రం కర్ర టకటకలాడించుకుంటూ నా కిటికీ కిందికి వచ్చి తల పైకెత్తింది. ముఖం ఇంకా చిటపటలాడుతూనే ఉంది.

"తిరుగు బస్సు ఎన్నింటికి?"

పదకొండూ ఇరవైకి, అన్నాను.

పదకొండుంపావుకే వచ్చి స్టాపులో నిలబడి ఉంది.